అచ్చులో కోసిన పన్ను

గంట పడుతుందన్నారు. మత్తు ఎక్కించి, గొంతు దగ్గర గొట్టం అమర్చి, మొహమంతా మందుతో తుడిచి, ఆకుపచ్చ గుడ్డలు కప్పి, అప్పుడు గానీ డాక్టరమ్మ కత్తి పట్టుకోదట. నన్ను ఊరడించడానికే నర్సు ఆ మాట చెప్పింది, "ఇప్పుడే మొదలవదు లెండి, కూర్చోండి" అని. ఆ గంట నాకు గడువని పాపం ఆమెకేం తెలుసు. తలుపు మీద ఎర్రలైటు ఇంకా వెలగలేదు, వెలిగితే మొదలుపెట్టినట్టు. వెలిగేలోపు నేను ఈ ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి, పదిహేను అడుగులు వేసి, ఆ తలుపు కొట్టి ఒక్క మాట చెప్పాలి. నా భార్య కుడివైపు పన్ను పోయింది నాలుగేళ్ళ కిందట కాదు, మూడు నెలల కిందట, అదీ ఊడలేదు, నేనే పీకాను. ఇంతే. చెప్పడానికి ఊపిరి కూడా అక్కర్లేదు. పదిహేను అడుగులని ఎందుకన్నానంటే కూర్చున్నప్పట్నించి నేల మీద పలకలు లెక్కపెడుతున్నాను, పలకకో అడుగు చొప్పున, మధ్యలో ఒకటి పగిలింది, దాన్ని ఒకసారి కలిపి ఒకసారి వదిలేసి లెక్కపెడుతున్నాను, ఆ తేడా తేలాక లేద్దామని నాకు నేనే సాకు చెప్పుకుంటున్నాను.

ఎడమ దవడ సగం తీసేస్తారు. ఆ సగం చచ్చిపోయింది. మనిషి బతికుండగా అందులో ఒక ముక్క ముందుగా చావడమేమిటని మొదట్లో నేనూ అనుకున్నాను. నలభై ఒక్క ఏళ్ళు దవడలతోనే బతికినవాణ్ణి, పళ్ళ సెట్లు కట్టేవాణ్ణి, కానీ నాకు తెలిసినవి ప్లాస్టర్ దవడలు, వాటికి చావూ లేదు, చీమూ లేదు. డాక్టరమ్మ మొన్న కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పింది. చచ్చిన ఎముక తీసేశాక ఆ ఖాళీలో ఒక లోహపు పట్టీ పెడతారు, ఒక కొస ఎడమ చెవి కింద, ఇంకో కొస గడ్డం దాటి కుడివైపు, బతికున్న గట్టి ఎముకకి మరలతో బిగిస్తారు. గడ్డం ఎముక మిగులుతుంది కాబట్టి నాలుక పట్టు తప్పదు, మాట వస్తుంది, కొంచెం ముద్దగా వచ్చినా వస్తుంది. ఆ మాట విని మరదలు ఏడ్చేసింది సంతోషంతో. అప్పుడు డాక్టరమ్మ తెర మీద ఎక్స్‌రే ఫోటో పెద్దది చేసి, కుడివైపు ఒక నల్లటి గుంట మీద పెన్ను పెట్టి అడిగింది. "ఇక్కడ ఎముక నిండలేదేమిటి? ఈ పన్ను ఎప్పుడు తీయించారు?" అడిగింది నా భార్యని. జవాబిచ్చింది నేను. "నాలుగేళ్ళయిందండీ, ఇంజెక్షన్లకి చాలా ముందు." ఎంత తొందరగా అన్నానో, మాట నా నోట్లోంచి వచ్చిందో పక్కవాడి నోట్లోంచి వచ్చిందో నాకే తెలియలేదు. కొందరికి పాత గుంటలు అలాగే ఉండిపోతాయిలెండి అని ఆవిడ సర్దుకుంది. సర్దుకుని, సరిగ్గా ఆ గుంట చుట్టూ మూడు చుక్కలు పెట్టింది, మరలు బిగించేది అక్కడేనని.

ఆ పన్ను నేను రెండుసార్లు తీశాను. ముందు పన్ను పీకుతారు, తర్వాత సెట్టు చేస్తారు అని అందరూ అనుకుంటారు. బోసి నోటితో ఒక్క పూట కూడా ఉండలేనివాళ్ళకి మా పని తిరగేసి ఉంటుంది. పీకిన రోజే సెట్టు నోట్లోకి వెళ్ళాలంటే అది అంతకుముందే తయారై ఉండాలి, తయారవ్వాలంటే నోటి అచ్చులో ఆ పన్ను ఉండకూడదు. అంచేత ప్లాస్టర్ అచ్చు మీద సన్న రంపంతో దాన్ని ముందే కోసేస్తాను, మొదలు గీకి నున్నగా చేస్తాను, పన్ను పోయాక చిగురు ఎంత లోతుకి దిగుతుందో చేతి అంచనాతో గుంట తవ్వుతాను. రక్తం లేదు, అరుపు లేదు, ఊదితే తెల్లపొడి ఎగిరిపోతుంది. ఆ క్షణం నించి, ఎవరి నోట్లోనో ఇంకా అన్నం నములుతున్న ఆ పన్ను నా బల్ల దగ్గర అదనపు సరుకు. నా చేతిలో ఇలా ఎన్ని వేల పళ్ళు రాలాయో. పళ్ళ డాక్టరు నన్ను పదిమందిలో 'మైనం మేస్త్రీ' అని పిలుస్తాడు, మేస్త్రీ చేతి సెట్టు తిరిగి రాదు అంటాడు, నిజంగానే ఒక్కటీ తిరిగి రాలేదు, సరిచేయమని ఎవరూ రాలేదు. ఆ పొగరు నాకు బాగా ఒంటబట్టింది. ఇప్పుడు ఈ గోడ మీద బల్లి కూడా నన్ను చూసి నవ్వుతున్నట్టుంది.

నిజానికి దానికి ముందు దారం తెగే చప్పుడు చెప్పాలి, అదే వినిపిస్తోంది పొద్దుట్నించి, టిక్కున. నా భార్య కుట్టు మిషను ముందు గదిలో, నా బల్ల వెనక గదిలో, మధ్యలో తలుపు లేదు. పంట్లాములు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, లావైనవాళ్ళ కోట్లు వదులు చేయడం ఆమె పని, కత్తెర పక్కనే ఉన్నా దారం పంటితోనే కొరుకుతుంది. మొదటిసారి ఆమెని చూసినప్పుడు నేను చూసింది కళ్ళూ కాదు జుట్టూ కాదు, ముందుపంటి అంచున దారం కోసిన సన్న గాడి. ఈ పిల్ల బద్ధకస్తురాలు కాదు అనుకున్నాను. పెదాల మధ్య నాలుగు గుండుసూదులు పెట్టుకుని మాట్లాడేది, వచ్చినవాళ్ళకి ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, నాకు మాత్రం అంతా తెలిసేది, వెనక గదిలోంచి నేను అరిచి చెప్పేవాణ్ణి, "బుధవారం రమ్మంటోంది, నడుం రెండంగుళాలు వదులుతుందట." సూదులు మింగుతావే ఎప్పుడో అని నేను తిడితే, మింగితే మీ రంపంతో తీద్దురుగాని అనేది. మాకు పిల్లల్లేరు, ఉన్నది ఈ రెండు గదుల రొదే. నా బల్ల మీద దంతాలు అరిగే చప్పుడు, ఆమె మిషను చప్పుడు, రెండూ ఒకేసారి ఆగితే వీధిలోవాళ్ళు తొంగిచూసేవాళ్ళు, ఏమైంది మేస్త్రీ అని.

రొమ్ములో గడ్డ తీశాక, అది వెన్నెముకలోకి పాకిందన్నాక, నెలకోసారి ఆ ఇంజెక్షను మొదలైంది. ఎముకలు విరక్కుండా గట్టిపరిచే మందట, సీసా వేలాడదీసి చుక్క చుక్కగా ఎక్కించేవాళ్ళు. ఎముకకి బలమంటే దవడకీ బలమే కదా అనుకున్నాం ఇద్దరమూ, తెలివైనవాళ్ళం మరి. ఎనిమిది నెలల కిందట ఎడమవైపు దంతం పుచ్చి నొప్పెడితే పళ్ళ డాక్టరు దగ్గర పీకించాం, ఆయన అడగలేదు, మేం చెప్పలేదు. అది అమాయకత్వం, దానికి ఎవరూ నన్నేమీ అనలేదు, నేనూ అనుకోను. రెండు వారాలకి నేను అచ్చు తీసి సెట్టు మొదలుపెట్టాను. ఎడమ ఖాళీ నింపి, పళ్ళ వెనకనించి తీగ లాగి కుడివైపు కొక్కెం తగిలించాలి, తగిలించాల్సిన పన్ను చూస్తే వేలితో ఊగుతోంది. ఊగేదానికి కొక్కెం నిలవదు. అచ్చు మీద దాన్ని కోసేసి, ఆ పన్ను కూడా సెట్టులోనే పెట్టి, కొక్కెం వెనక పంటికి జరిపాను. ఒక గంట పని. నా చేతుల్లోంచి వచ్చినవాటిలో అంత అందమైనది లేదు. అందులో ముందుపంటి గాడి పక్కన చక్కగా ఒదగాలని ఆమె పళ్ళ పసుపు కోసం మూడు రంగులు కలిపాను. తీసుకెళ్ళి చూపిస్తే పళ్ళ డాక్టరు సెట్టు చూడలేదు, నోరు చూశాడు. ఎడమ గుంట మానలేదు, అడుగున తెల్లగా ఎముక కనిపిస్తోంది. అప్పుడడిగాడు ఏం మందులు వాడుతోందని. చెప్పాం. ఆయన మొహం మాడిపోయింది, ఆ మందు పడ్డ దవడలో పన్ను పీకితే గుంట మానదట, ఎముక చచ్చిపోతుందట. "మేస్త్రీ, ఇక ఆ నోట్లో దేనికీ చేయి పెట్టొద్దు. సెట్టు వద్దు, పీకడం వద్దు. ఊగినా ఊగనీ. వింటున్నావా?" విన్నాను. రెండు చెవులతో విన్నాను. తెలియక చేశానని చెప్పుకోవడానికి నాకు ఆ సందు కూడా లేదు.

ఐదు నెలలు ఆ సెట్టు అల్మారాలో నీళ్ళ గిన్నెలో ఉంది. రోజూ చూసేవాణ్ణి. దానికి సరిపడని నోరు ఒకటి ముందు గదిలో తిరుగుతుంటే, తప్పు నోటిదే అనిపించేది నాకు, ఇంత నిజం చెప్పాక ఇంకేం దాచను. ఒక మధ్యాహ్నం ఆమె కుడివైపు నమలలేక ముద్దని బుగ్గలో పెట్టుకుని కూర్చుంది, ఎడమవైపు పుండు, కుడివైపు ఊగే పన్ను, ఎటూ కాని ఆ ముద్ద, కళ్ళలో నీళ్ళు. నేను చెయ్యి కడుక్కుని వచ్చాను. "ఇది నేడో రేపో రాలిపోయేదే, రాలేదాన్ని అందుకోవడం పీకడం కాదు" అన్నాను. ఆమె ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, "మీ ఇష్టం, మీకంటే తెలుసా నాకు" అంది. నా బల్ల దగ్గరి స్టూలు మీద కూర్చోబెట్టి, తీగలు వంచే పటకారు స్పిరిట్ దీపం మీద కాల్చి, చల్లార్చి, పట్టి తిప్పాను. ప్లాస్టర్‌లా రాలేదు. ఊగుతున్నా వేరు ఒకపక్క గట్టిగా పట్టుకుంది, ఎముక కరకరమన్న చప్పుడు నా మణికట్టు దాకా వచ్చింది, ఆమె నా చొక్కా పట్టుకుంది, పళ్ళ బిగువున భరించమనడానికి పళ్ళలోనే కదా నా పటకారు ఉంది. వచ్చింది చివరికి. దూది కొరికించి, పావుగంట ఆగి సెట్టు పెట్టాను. అతికినట్టు కూర్చుంది. నేను ఈల వేశాను. దేవుడా, నేను ఆవేళ ఈల వేశాను, అద్దం తెచ్చి ఆమె ముందు పెట్టి.

వారం తిరక్కుండా, సెట్టు పుండు మీద ఒత్తి, ఎడమవైపు దవడ వాచింది. సెట్టు తీసి పారేశాం. చెంప కింద గడ్డకట్టి, గడ్డం కింద చర్మం చిట్లి చీము కారడం మొదలైంది, రోజుకి నాలుగుసార్లు గుడ్డలు మార్చేవాణ్ణి. కింది పెదవి తిమ్మిరెక్కిపోయింది, నీళ్ళు తాగితే కారిపోతున్నా ఆమెకి తెలిసేది కాదు, నేను తుడిచేవాణ్ణి. వాసన సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆమె మిషను ముందు గదిలోంచి తీయించేసింది, వచ్చినవాళ్ళు మొహం తిప్పుకుంటారని. ఒక ఉదయం ఆమె ఉమ్మిన దాంట్లో చిన్న బూడిదరంగు పలుకు వచ్చింది, గోరంత, పురుగు తిన్న చెక్కలా బొరియలతో. దాన్ని వేళ్ళ మధ్య పెట్టి చూసి అది ఆమె అని నాకు నమ్మకం కలగలేదు. కుడివైపు మాత్రం చిగురు మూసుకుపోయింది, గులాబీ రంగులో, అచ్చులో నేను తవ్విన గుంట ఆకారంలోనే, ఎవరు చూసినా మానిందనే అంటారు. అక్కడ నొప్పి ఉందా అని నేను అడగలేదు. తనూ చెప్పలేదు. నెల రోజులుగా కుడి చెంప అరచేతిలో పెట్టుకుని పడుకుంటోంది, అలవాటులే అనుకున్నాను. అలవాటట. ముప్పై మూడేళ్ళలో ఎప్పుడైనా అలా పడుకుందా?

మరదలు వచ్చి పక్కన కూర్చుంది. బేకరీ కౌంటరులో నిలబడి నిలబడి ఆమెకి గొంతు పెద్దదైపోయింది, గుసగుసగా మాట్లాడినా వరండా చివరిదాకా వినిపిస్తుంది. "టీ ఏమైనా తాగుతావా బావా? మొహం చూడు ఎలా పీక్కుపోయిందో. నువ్వు లేకపోతే అక్క ఏమైపోయేదో. మా ఆయనైతే ఆ గుడ్డలు ముట్టుకునేవాడా?" అవతల బెంచీ మీది ముసలావిడ నా వైపు గౌరవంగా చూసింది. నాకు ఒళ్ళంతా తేళ్ళు పాకినట్టైంది. తెమ్మన్నాను టీ, ఆమె వెళ్ళాలని. వెళ్ళింది. ఎర్రలైటు వెలగలేదు. గడియారం ముల్లు ముప్పావు తిరిగింది.

పొద్దున నా భార్యని తోపుడు మంచం మీద తీసుకెళ్తుంటే లిఫ్టు దాకా పక్కనే నడిచాను. జుట్టంతా టోపీలో దోపేశారు, చిన్నపిల్లలా ఉంది, వాచిన వైపు పెద్దదిగా, ఇటువైపు ఎప్పటిలాగే. చెయ్యి ఊపి వంగమంది. ఏదైనా మంచి మాట చెబుతుందనుకున్నాను, భయమేస్తోందని అంటుందనుకున్నాను. కదలని పెదవిని పక్కకి లాగి, గుండుసూదులున్నప్పటి గొంతుతో, "నాలుగేళ్ళే. గుర్తుంచుకోండి," అంది. లిఫ్టు మూసుకుంది. నా అబద్ధానికి ఆమె కాపలా కాస్తోంది. తన ఎముక పెట్టి కాస్తోంది. మళ్ళీ ఎవరైనా నన్ను మేస్త్రీ అని పిలవాలని, పళ్ళ డాక్టరు నాకు అచ్చులు పంపడం మానెయ్యకూడదని, చెల్లెలి ముందు నా తల వంగకూడదని. నేనొద్దన్నానా? లేదు, తల ఊపాను. నాలుగేళ్ళే అని తల ఊపాను.

చెబితే ఏమవుతుందో నాకు తెలియక కాదు. డాక్టరమ్మ కుడివైపు కూడా తెరిచి చూస్తుంది. అక్కడ కూడా ఎముక చచ్చి ఉంటే, బతికున్నచోట నెత్తురు కనిపించేదాకా కోసుకుంటూ పోతుంది, గడ్డం ఎముక పోతుంది, నాలుకకి పట్టు పోతుంది, ఆ మాట పోతుంది, సూదుల వెనకనించి కూడా నాకు అర్థమయ్యే ఆ మాట. అంటే చెప్పకపోవడమే మంచిదా? ఆమె మాట నిలబెట్టడానికే నేను నోరు మూసుకున్నానని అనుకోవచ్చా? ఎంత బాగుంది ఈ ఆలోచన, ఎంత నున్నగా ఉంది, పాలిష్ చక్రం మీద పెట్టి తీసినట్టు. ఇందులో నా చెయ్యి కనిపిస్తోంది. ఇది కూడా నేను బల్ల మీద కూర్చుని చేసిందే. పుచ్చిన ఎముకలో మరలు బిగిస్తే నెలకో రెండు నెలలకో వదులవుతాయి, పట్టీ చర్మం చీల్చుకుని బయటికొస్తుంది, మళ్ళీ ఇదే తలుపు, మళ్ళీ గొంతులో గొట్టం, అప్పటికి ఆమె ఒంట్లో తట్టుకునే శక్తి ఉండదు. ఉండదని తెలుసు. తెలిసీ పలకలు లెక్కపెడుతున్నాను. చచ్చిపోతుందిరా, నీ పేరు కోసం చచ్చిపోతుంది, లే.

లేచాను. పగిలిన పలక మీదనించే వెళ్ళాను. తలుపు రెండుసార్లు కొట్టాను, నర్సు సగం తెరిచి లోపలికి రాకూడదంది, డాక్టరమ్మకి ఒక మాట చెప్పాలన్నాను, తర్వాత చెప్పండంది, తర్వాత కాదమ్మా కత్తి పెట్టకముందే అని అరిచాను, అరిచానని ఆమె వెనక్కి తగ్గడం చూశాక తెలిసింది. డాక్టరమ్మ వచ్చింది, తడి చేతులు పైకెత్తి, మాస్కు పైన కళ్ళు మాత్రమే. "కుడివైపు పన్ను నాలుగేళ్ళ కిందట కాదండీ. మూడు నెలలైంది. నేనే పీకాను, నా పటకారుతో. పళ్ళ డాక్టరు వద్దన్నా నేను వినలేదు." ఆవిడ రెప్ప వేయలేదు. పూర్తిగా వచ్చిందా, వేరు విరిగిందా, తర్వాత చీము పట్టిందా, అటువైపు నొప్పి ఎప్పట్నించి అని వరసగా అడిగింది, నాకు తెలిసినవి చెప్పాను, నొప్పి ఎప్పట్నించో తెలియదన్నాను, నెల రోజులుగా ఆ చెంప పట్టుకుని పడుకుంటోందని చెప్పాను. ఆవిడ కళ్ళు ఒకసారి మూసి తెరిచింది. "అయితే అటు కూడా తెరవాలి. గడ్డం దాకా తీయాల్సి రావచ్చు. ఆమె మత్తులో ఉన్నారు, అడగలేం. మీరే మళ్ళీ సంతకం పెట్టాలి." నర్సు అట్ట మీద కాగితం పట్టుకుంది. నా సంతకం నాకే కొత్తగా ఉంది. డాక్టరమ్మ వెళ్తూ వెళ్తూ ఆగింది. "మంచి పని చేశారండీ, చెప్పి," అంది, నిజంగానే అంది, దయగా. తలుపు మూసుకుంది. కాసేపటికి పైన ఎర్రలైటు వెలిగింది.

వెనక్కి తిరిగితే మరదలు రెండు చేతుల్లో రెండు టీ కప్పులతో నిలబడి ఉంది. ఎంతసేపట్నించి నిలబడిందో. ఒక కప్పులోంచి టీ ఒలికి వేళ్ళ మీదుగా కారుతోంది, కాలుతోందని కూడా చూసుకోవడం లేదు. ఆ పెద్ద గొంతు ఎటు పోయిందో.

"ఏ పన్ను బావా?" అంది.

నోరు తెరిచి, కుడివైపు కింద, కోరపన్ను పక్కదాని మీద వేలు పెట్టి చూపించాను. గట్టిగా నొక్కాను, పట్టుకుని అటూ ఇటూ లాగాను, ఆమె చూస్తుండగానే లాగాను. కదల్లేదు.